ఒక శిలీంధ్రానికి ఒకే మొక్క అంటే కుదరదు

మొక్కల మీద పరాన్నజీవులుగా బతికే శిలీంధ్రాలన్నిటికీ ఆన్‌లైన్ డేటాబేస్ కట్టాలన్న వ్యాసం ఒకటి చదివాను, చాలా నచ్చింది. ఒక్క అభ్యంతరం ఉంది. ప్రతి శిలీంధ్రానికీ ఒక పేరు, ఒక ఫొటో, ఒక ఆతిథేయి మొక్క (అది బతికే మొక్క) ఉంటే చాలని అందులో రాశారు. చాలదండీ.

గోధుమ కాండానికి కుంకుమ తెగులు తెచ్చే పక్సీనియా గ్రామినిస్‌నే చూడండి. దాని జీవితం కొంత గోధుమ మీద, కొంత బార్బెర్రీ పొద మీద గడుస్తుంది. అది వ్యాపించడానికి తయారుచేసే సిద్ధబీజాలు (స్పోర్లు) మొత్తం ఐదు రకాలు. బార్బెర్రీ ఆకు మీది రూపానికి గోధుమ మీది రూపంతో పోలికే ఉండదు, అందుకే దాన్ని వేరే శిలీంధ్రం అనుకుని వేరే పేరు పెట్టారు. రెండూ ఒకటేనని 1860ల్లో జర్మన్ శాస్త్రవేత్త అంటోన్ డి బారీ ప్రయోగాలతో చూపించారు. ఇలాంటిదాన్ని ఒక్క మొక్క, ఒక్క ఫొటోలో ఎలా ఇరికిస్తాం?

పేర్ల సంగతీ అంతే. లైంగిక దశకు ఒక పేరు, అలైంగిక దశకు ఇంకో పేరు పెట్టే పద్ధతిని 2011లో మెల్‌బోర్న్‌లో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర సమావేశంలో ఎత్తేశారు, మంచి పని. కానీ పాత పేపర్లు పాత పేర్లతోనే ఉన్నాయి కదా! వరి అగ్గితెగులు శిలీంధ్రాన్ని పైరిక్యులేరియా అని వెతికినా, మాగ్నపోర్తే అని వెతికినా ఒకే పేజీ తెరుచుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం, ప్రతి రికార్డుకూ హెర్బేరియం (ఎండబెట్టిన నమూనాలు భద్రపరిచే చోటు) నమూనా నంబరు, గుర్తించినవారి పేరు ఉండాలి. నమూనా లేకపోతే ఆ గుర్తింపు సరైనదో కాదో తర్వాత ఎవరూ తేల్చలేరు. దయచేసి ఈ గడులన్నీ మొదట్లోనే పెట్టండి. వేల రికార్డులు ఎక్కించాక మార్చాలంటే పెద్ద టెన్షన్.