మహారాజశ్రీ వీడియో ప్లేయర్ గారికి

విశాఖపట్నం,
2006 డిసెంబరు

మహారాజశ్రీ పోర్టబుల్ వీడియో ప్లేయర్ గారికి, జగదాంబ సెంటర్లో షోకేసు అద్దానికి ముక్కు ఆనించి ఇంకా తేల్చుకోలేని గాడ్జెట్ పిచ్చోళ్లు చేసుకొను విన్నపములు.

ఉభయకుశలోపరి. ఇక్కడ మేం క్షేమం. తమరి బ్యాటరీ క్షేమసమాచారం పెట్టె మీదే చదివాం. 2005లో వచ్చిన 30 జీబీ ఐపాడ్‌కి వీడియో రెండు గంటలట. మన సినిమా రెండు గంటల నలభై నిమిషాలు. విలన్ హీరో చెల్లెల్ని ఎత్తుకెళ్లే వేళకి తమరు కన్ను మూస్తారన్నమాట. ఈ సెప్టెంబరులో అదే ఐపాడ్‌ని సవరించి మూడున్నర గంటలన్నారు. ముందు ఎగబడి కొన్నవాడికి క్లైమాక్స్ గుమ్మం దాకా, ఆగి కొన్నవాడికి శుభం కార్డు దాకా!

తెర సంగతి. ఐపాడ్‌ది రెండున్నర అంగుళాలు, 320×240 చుక్కలు. సినిమాస్కోప్ బొమ్మ అందులో 136 గీతలకి సర్దుకుంటుంది, మిగతా 104 నల్లపట్టీలే. ఆర్కోస్ కంపెనీ వారి 604 ప్లేయర్ తెర 4.3 అంగుళాలు, 480×272. అదే బొమ్మకి 204 గీతలు దక్కుతాయి, పైగా బ్యాటరీ ఊడదీసి మార్చుకోవచ్చు. కానీ డీవీడీ ఫైలుకీ, హెచ్.264 అనే రకం వీడియోకీ విడివిడిగా ప్లగిన్ (అదనపు సాఫ్ట్‌వేర్) కొనాలి. ఇల్లు అమ్మి గదుల తాళాలకి వేరే రేటు చెప్పడమే ఇది. సోనీ వారి ఆటల యంత్రం పీఎస్పీకీ అంతే తెర ఉంది గానీ, మెమొరీ స్టిక్‌లో మనం వేసుకున్న వీడియో 76,800 చుక్కలు (అంటే 320×240) దాటితే తీసుకోదు. వడ్డించిన విస్తరి ముందు చెయ్యి పట్టుకున్నట్టు. మా ఓటు ఆర్కోస్‌కే, తిట్టుకుంటూనే.

ఎండలో తమరు అద్దం. ఆర్కే బీచ్‌లో మధ్యాహ్నం తీస్తే మన మీసాలు తప్ప హీరో కనపడడు. కొత్తవలస–కిరండూల్ లైన్లో 58 సొరంగాలున్నాయి కాబట్టి అరకు రైల్లో మాత్రం విడతలవారీగా దర్శనమిస్తారు.

అసలు బాధ రాత్రిపూట. సినిమాని తమరికి ఎక్కించాలంటే కంప్యూటర్లో వీసీడీ (సినిమా సీడీ) పెట్టి, ఎంపెగ్‌ఏవీ ఫోల్డర్లోని డాట్ ఫైలు కాపీ చేసి, పేరు చివర ఎంపీజీ అని మార్చి, రెండో డిస్కూ మూడో డిస్కూ అతికించి, నల్లపట్టీలు కోసి, 320 వెడల్పుకి కుదించి, వీడియోకి 768, ఆడియోకి 128 కేబీపీఎస్ ఇచ్చి కన్వర్ట్ కొట్టాలి. ఫ్రేములు సెకనుకి 25 దగ్గరే ఉంచాలి. సాఫ్ట్‌వేర్ తనంతట తాను 29.97 పెడుతుంది, పెడితే డాన్సు నత్తినత్తిగా వస్తుంది. ఏవీఐ ఫైల్లో వీబీఆర్ (బిట్‌రేటు మారుతూ ఉండే) ఎంపీ3 ఆడియో పడితే మాట జారిపోతుంది, విలన్ సవాలు హీరో నోట్లోంచి వినిపిస్తుంది. తొంభై శాతం దగ్గర కరెంటు పోయిందా, మళ్లీ సున్నా నుంచి. అన్నీ కలిసొస్తే గిగాబైటు పైచిలుకు ఫైలు. అది పాడుతుందో లేదో తమరిలోకి ఎక్కించాకే తెలుస్తుంది. అందుకే ముందు రెండు నిమిషాల ముక్క చేసి చూసుకోవాలి.

ఇక తమరి చవక తమ్ముడు, 'ఎంపీ4 ప్లేయర్'. ఎంపీ4 ఒక్కటి తప్ప వాడి పేరులో తప్పేం లేదు: తినేది ఏఎంవీ అనే వేరే రకం ఫైలే. 4 జీబీ అని చూపించినా నమ్మక్కర్లేదు. నిండా ఫైళ్లు నింపి, మొదట వేసిన పాట వెనక్కి కాపీ చేసి విని చూడాలి. లోపల చిప్ చిన్నదైతే పాత ఫైళ్లు పాడైపోయుంటాయి. ఈ పరీక్షకి కొట్టువాడు ఒప్పుకోకపోతే అదే జవాబు.

సముద్రపు గాలికి హెడ్‌ఫోన్ జాక్ పచ్చబడటం గురించి తమరి మాన్యువల్లో ఒక్క ముక్కా లేదు. ఉప్పు పరీక్ష మా ఊళ్లో చేయించుకుని రండి.

ఇట్లు,
ఈ నెలా కొనని
విశాఖ వాస్తవ్యులు

తా.క.: టీవీకి తగిలించినప్పుడు బొమ్మ నలుపు తెలుపులో దొర్లితే మెనూలో ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి) తీసి పాల్ (మన టీవీ పద్ధతి) పెట్టాలి. ఐపాడ్‌కి కామ్‌కార్డర్ తీగతోనే పని జరుగుతుంది, కాకపోతే ఎర్ర పిన్ను పసుపు రంధ్రంలో గుచ్చాలి. ఆ ముక్క తమరి పెట్టె మీద రాయలేదు, అందుకే ఇక్కడ రాశాం.