వారసత్వ జాబితా టౌన్‌ప్లానింగ్ కౌంటర్ దాకా రావాలి

వానలు మొదలయ్యే ముందు ప్రతి ఏడూ మున్సిపల్ ఆఫీసుల్లో శిథిల భవనాల జాబితా తయారవుతుంది. హైదరాబాద్‌లో అయితే జీహెచ్‌ఎంసీ చట్టంలోని 456వ సెక్షన్ కింద నోటీసు ఇస్తారు: ఇల్లు కూలేలా ఉంది, బాగుచేయండి, లేదా తొలగించండి అని. ప్రాణాలు కాపాడటానికి ఆ సెక్షన్ ఉండాల్సిందే. కానీ నూరేళ్ల ఇంటిని దించేయాలనుకునే యజమానికి కూడా దగ్గరి దారి అదే. డాబా మీద మొలిచిన రావిమొక్కను నాలుగేళ్లు అలా వదిలేస్తే వేళ్లు గోడలోకి దిగుతాయి, బీట పడుతుంది, నోటీసు వస్తుంది. అప్పుడు ఆ ఇల్లు వారసత్వ జాబితాలో ఉందా లేదా అని నోటీసు రాసే ఇంజనీరు చూస్తున్నారా? పాత కట్టడాల రక్షణ ఈ ఒక్క ప్రశ్న దగ్గరే నిలుస్తుంది, లేదా కూలుతుంది.

హైదరాబాద్‌కు ఈ విషయంలో మంచి ఆరంభమే ఉంది. 1995లో బొంబాయి తన అభివృద్ధి నిబంధనల్లో వారసత్వ కట్టడాల రక్షణను చేర్చింది. అదే ఏడాది డిసెంబరులో హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ జోనింగ్ నిబంధనల్లోకి 13వ రెగ్యులేషన్ వచ్చింది. 1998లో కట్టడాల జాబితా నోటిఫై అయింది. ఆ తర్వాత సహజమైన రాతి గుట్టలు కూడా రక్షిత జాబితాకు ఎక్కాయి, ఈ దేశంలో అరుదైన సంగతి అది. ఆ రెగ్యులేషన్ బలం దాని స్థానంలో ఉండేది. అది పురావస్తు చట్టం కాదు, ప్లాను మంజూరు చేసే నిబంధనల్లోనే ఒక భాగం. జాబితాలో ఉన్న కట్టడాన్ని కూల్చాలన్నా, మార్చాలన్నా, పెద్ద మరమ్మతు చేయాలన్నా వారసత్వ పరిరక్షణ కమిటీ అభిప్రాయం తీసుకున్నాకే అనుమతి ఇచ్చేవారు.

2015 డిసెంబరులో ఆ రెగ్యులేషన్‌ను రద్దు చేశారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. రాష్ట్రస్థాయిలో చట్టం రావడం మంచిదే. అయితే రోజూ ప్లాన్లు మంజూరయ్యే చోట ఉన్న అడ్డుకట్ట పోయాక, పైన ఎంత పెద్ద చట్టం ఉన్నా కింద ఫైలు ఆగదు. 2019లో ఇర్రమ్ మంజిల్ వ్యవహారంలో ఏం జరిగిందో చూడండి. 1870లో నవాబ్ ఫక్రుల్ ముల్క్ కట్టించిన ఆ ప్యాలెస్ స్థలంలో కొత్త అసెంబ్లీ కట్టాలని జూన్ 18న మంత్రివర్గం తీర్మానించింది. పౌరులు కోర్టుకు వెళ్లారు. సెప్టెంబరు 16న హైకోర్టు ఆ తీర్మానాన్ని కొట్టేసింది. కట్టడం నిలిచింది, మంచిదే. కానీ అంత పేరున్న కట్టడానికే హైకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చిందంటే, పేరులేని దేవిడీ (పాతకాలపు సంపన్నుల భవంతి) కోసం, గల్లీలోని చెక్క వరండా ఇంటి కోసం పిటిషన్ ఎవరు వేస్తారు? ఊరి ముఖం నిలిచేది ఎక్కువగా ఇలాంటి కట్టడాల మీదే.

జాబితా అనగానే యజమానులు భయపడటానికి ఒక కారణం పొరపాటు అవగాహన. కేంద్ర పురావస్తు చట్టం కిందికి వచ్చే కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. మున్సిపల్ జాబితా అలాంటిది కాదు. అది ఆ ఒక్క ఆస్తికి సంబంధించింది, పక్కింటివాడి మేడకు అడ్డురాదు. శ్రేణులు కూడా ఉంటాయి. మొదటి శ్రేణిలో దాదాపు ఏమీ ముట్టుకోకూడదు. రెండో శ్రేణిలో ముఖభాగం కాపాడుతూ లోపల మార్చుకోవచ్చు, కొత్త వాడకానికి ఇవ్వచ్చు. మూడో శ్రేణిలో మరింత వెసులుబాటు ఉంటుంది. ఈ తేడాను వార్డు సమావేశంలో విడమరచి చెప్పకుండా గెజిట్‌లో వేసి ఊరుకుంటే, మొదటి అభ్యంతరం రేపు ఉదయమే వస్తుంది.

జాబితా రాయడంలోనే సగం పని చెడుతుంది. ఒక వరుసలో కట్టడం పేరు, వీధి పేరు మాత్రం రాస్తారు. ఇరవై ఏళ్లకు వారసులు స్థలాన్ని పంచుకుంటారు, డోర్ నంబర్లు మారతాయి, వెనక ఆడవాళ్లు ఉండే జనానా భాగం వేరొకరి పేరు మీదికి వెళ్తుంది. ఇక జాబితాలోని పేరు ఏ గోడకు వర్తిస్తుందో చెప్పగలిగేవాళ్లు ఉండరు. అందుకే ప్రతి కట్టడానికి ఒక ఫైలు కావాలి: టౌన్ సర్వే నంబరు, పాత, కొత్త డోర్ నంబర్లు, ఆస్తిపన్ను నంబరు, సరిహద్దు గీసిన స్థల పటం, 1:100 స్కేలులో కొలత చిత్రాలు, నాలుగు వైపులా, గదుల్లో, డాబా మీద తీసిన ఫొటోలు. వాటితోపాటు రెండు పేరాల్లో ఏది పోకూడదో, ఏది మార్చుకోవచ్చో రాసి ఉండాలి. "ముందరి తోరణాలు, చెక్క జాలీ, మెట్ల గది ఉండాలి. వెనక రేకుల షెడ్డు తీసేయవచ్చు" అన్నంత స్పష్టంగా ఉండాలి. ప్రహరీ, గేటు, బావి జాబితాలో ఉన్నాయా లేవా అన్నది రాయకపోతే మొదట పోయేవి అవే.

ఇంకో ప్రమాదం అభ్యంతరాల గడువు. ముసాయిదా ప్రచురించి నెల రోజులు గడువిస్తే, ఆ నెలలోనే జేసీబీ వస్తుంది. ముసాయిదా వెలువడిన రోజు నుంచే తాత్కాలిక రక్షణ అమల్లోకి వస్తుందని నిబంధనలో రాసుకోవాలి. ఈ ఒక్క వాక్యం లేక పోయే కట్టడాలు, జాబితా వద్దని ఎవరో వాదించడం వల్ల పోయేవాటికంటే ఎక్కువ.

ఇక ప్లాను మంజూరు. తెలంగాణలో ఆన్‌లైన్‌లో ప్లాను అనుమతులిచ్చే టీఎస్‌బీపాస్ చట్టం 2020లో వచ్చింది. 75 చదరపు గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి అనుమతే అక్కర్లేదు, నమోదు చాలు. 600 చదరపు గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి సొంత ధ్రువీకరణ మీద అప్పటికప్పుడు అనుమతి. సామాన్యుడికి ఇది పెద్ద మేలు, దాన్ని వెనక్కి తీసుకోమని అడగక్కర్లేదు. అయితే పాతబస్తీ గల్లీల్లోని చాలా ఇళ్లు ఈ కొలతల్లోకే వస్తాయి. ఆ దరఖాస్తును మనిషి చూసేలోపే అనుమతి కాగితం వచ్చేస్తుంది. కాబట్టి జాబితాలోని సర్వే నంబరు, ఆస్తిపన్ను నంబరు ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఉండాలి. నంబరు కొట్టగానే దరఖాస్తు తక్షణ అనుమతి నుంచి తప్పుకుని కమిటీ ముందుకు వెళ్లాలి. శిథిల భవనాల నోటీసుకూ ఇదే తాళం వేయాలి: జాబితాలో ఉన్న ఇంటికి మొదటి ఆదేశం ఖాళీ చేయించడం, ఊతాలు పెట్టడం. కూల్చివేత కమిటీ పరిశీలన తర్వాతే.

ఆ పరిశీలన ఎవరు చేస్తారన్నది చిన్న విషయం కాదు. కాంక్రీటు గట్టిదనం చూసే రీబౌండ్ హ్యామర్‌తో డంగు సున్నం గోడను కొట్టి చూస్తే ఏమీ తేలదు. మద్రాస్ టెర్రస్ అనే పాతకాలపు కప్పులో టేకు దూలాల మీద సన్న ఇటుకలను మూలవాటంగా నిలబెట్టి పేర్చి, పైన సున్నం, ఇటుకముక్కల కాంక్రీటు వేసి, ఆపైన పలకలు పరుస్తారు. తూము పూడుకుపోతే నీళ్లు గోడలోకి దిగుతాయి. గోడలో దాగి ఉన్న దూలం కొస ముందుగా కుళ్లుతుంది, మధ్యభాగం గట్టిగానే ఉంటుంది. కొస చూసి కప్పంతా పోయిందని రాసేవాళ్లు ఎక్కువ. కుళ్లిన కొస కోసేసి కొత్త టేకు అతికినా, కింద ఉక్కు బ్రాకెట్ పెట్టినా చాలా సందర్భాల్లో కప్పు నిలుస్తుంది. దానికి బదులు కారుతోందని పైన 10 సెంటీమీటర్ల ఆర్‌సీసీ పోస్తారు. చదరపు మీటరుకు దాదాపు 250 కిలోల బరువు పాత దూలాల మీద పడుతుంది. ఇంటిని చంపేది ఆ మరమ్మతే.

సిమెంటు పూత కూడా అంతే. సున్నం గోడ చెమ్మ పీల్చుకుని మళ్లీ వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే చెమ్మ లోపలే చిక్కుతుంది, లవణాలు పూత వెనక పేరుకుంటాయి, కొన్ని వానాకాలాలకు ఇటుక పొడి రాలుతుంది. సరైన పని నెమ్మదిగా సాగుతుంది. సున్నాన్ని రోజుల తరబడి నీళ్లలో నానబెట్టాలి, ఒక పాలు సున్నానికి రెండు మూడు పాళ్లు ఇసుక, ఇటుక పొడి కలిపి గానుగ ఆడాలి, కరక్కాయ, బెల్లం నీళ్లు పట్టించాలి. ఎస్టిమేట్‌లో సున్నం పనికి విడి ఐటెం పెట్టకుండా టెండరు పిలిస్తే, తక్కువకు కోట్ చేసిన కాంట్రాక్టరు సిమెంటే వేస్తాడు. మార్చి 31 లోపు బిల్లు పెట్టాలన్న తొందర దీనికి తోడవుతుంది.

డబ్బు మాట దాచిపెట్టి యజమానిని ఒప్పించలేం. ఒక యజమానికి వెయ్యి గజాల స్థలంలో 4,000 చదరపు అడుగుల పాత ఇల్లు ఉందనుకుందాం, పడగొడితే 20,000 కట్టుకోవచ్చనుకుందాం. అతను వదులుకునేది 16,000. బదిలీ చేసుకోదగ్గ అభివృద్ధి హక్కు, అదే టీడీఆర్ (ఇక్కడ వదులుకున్న కట్టుబడిని వేరేచోట వాడుకునే, లేదా అమ్ముకునే హక్కు), ఈ తేడా మీద ఇవ్వాలి. ఉన్న ఇంటి విస్తీర్ణం మీద లెక్క కడితే అన్యాయం. హైదరాబాద్‌లో 2006 నుంచి ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలన్న హద్దు, లేదు. రోడ్డు వెడల్పు, ఎత్తు, వదలాల్సిన ఖాళీ స్థలాల మీదే కట్టుబడి లెక్క నడుస్తుంది. అందువల్ల కోల్పోయినదెంతో ప్రతి స్థలానికీ విడిగా ఊహా ప్లాను గీసి తేల్చాలి. ఆ లెక్క ఎవరు కడతారో నిబంధనలోనే ఉండాలి. హక్కు పత్రం కూడా ఒకేసారి చేతికివ్వకూడదు: సగం జాబితా ఒప్పుకున్నప్పుడు, సగం మరమ్మతు పూర్తయ్యాక. చెన్నైలో మౌంట్ రోడ్డు మీది భారత్ ఇన్సూరెన్స్ భవనం కూల్చివేతను మద్రాసు హైకోర్టు 2010లో ఆపింది. కూల్చవద్దన్నంత మాత్రాన కారే కప్పు బాగుపడదని ఆ తర్వాత దాని స్థితి చూసినవారికి తెలుసు.

రాజమహేంద్రవరం, బందరు, విశాఖ పాత పోస్టాఫీసు ప్రాంతం, వరంగల్, ఇలా ఏ ఊళ్లోనైనా మండువా లోగిళ్లకు, పాత సత్రాలకు పురావస్తు శాఖ జాబితాల్లో చోటు దొరకడం అరుదు. అక్కడి మున్సిపాలిటీలు మొదలుపెట్టాల్సింది సొంత ఆస్తులతో. పాత టౌన్‌హాలు, మార్కెట్, వాటర్‌వర్క్స్ భవనం, మున్సిపల్ బడి: వీటికి అభ్యంతరం చెప్పే యజమాని లేడు, టీడీఆర్ అక్కర్లేదు, కౌన్సిల్ తీర్మానం ఒకటి చాలు. 1935 నాటి మొజంజాహీ మార్కెట్‌ను రేకులు, రంగులు తొలగించి రాతి ముఖాన్ని బయటికి తెచ్చి 2020 ఆగస్టులో తిరిగి తెరిచారు. దుకాణాలు దుకాణాలుగానే నడుస్తున్నాయి. చార్మినార్ పక్కన 1900 నాటి సర్దార్ మహల్ పన్ను బకాయిల కింద 1965లో కార్పొరేషన్ చేతికి వచ్చింది. అలాంటి ఒక్క భవనం మీద మేస్త్రీలకు సున్నం పని నేర్పిస్తే, మరుసటి ఏడాది జూన్‌లో శిథిల జాబితా పట్టుకుని వీధిలోకి వెళ్లే ఇంజనీరు వెంట గోడ చూసి చెప్పగలిగిన మేస్త్రీ కూడా ఉంటాడు.