టోపీ పెట్టుకుంటే హత్య కాదు

మొన్న ఒక ఫిల్మ్ క్లబ్బులో 1967 నాటి ఫ్రెంచి సినిమా ‘ల సమురాయ్’ వేశారు. అయిపోయాక ముందు వరసలో ఒకాయన లేచి, గొంతు సవరించుకుని, ‘‘జెఫ్ కోస్టెల్లోది నైతిక సందిగ్ధత’’ అన్నాడు. హాలంతా తలూపింది. నేనూ ఊపాను. టీ ఇంకా రాలేదు మరి.

డబ్బు తీసుకుని ఒక నైట్‌క్లబ్ ఓనర్‌ని కాల్చి చంపడాన్ని మన దగ్గర సుపారీ అంటారు. పారిస్‌లో, ట్రెంచ్ కోటు వేసుకుని, అద్దంలో చూసుకుంటూ టోపీ అంచు వేలితో సరిచేసుకుని, జెఫ్ వేషంలో హీరో అలెన్ డెలాన్ చంపితే సందిగ్ధత అంటారు. చచ్చినవాడి పేరు మార్తే. తలూపినవాళ్లలో ఎంతమందికి గుర్తుందో అడగండి.

ఆ కారు దొంగతనం ఉంది చూశారూ! ఎవరిదో సిత్రోయెన్‌లో ఎక్కి కూర్చుని తాళాల గుత్తి తీస్తాడు. గుత్తి అంటే గుత్తి కాదు, సత్రం మేనేజరు మొలలో ఉండాల్సిన సరంజామా. పక్క సీటు మీద పెట్టుకుని, ఎదురుగా చూస్తూ, ఒక్కోటీ పెట్టి తిప్పుతాడు. ఒకటి పట్టదు. ఇంకోటీ పట్టదు. మొహంలో చలనం ఉండదు. మా బాబాయి బీరువా తాళం కోసం ఇలాగే తంటాలు పడితే పిన్ని, ‘‘మీకు ఏదీ ఓ చోట పెట్టే అలవాటే లేదు’’ అంటుంది. డెలాన్ చేస్తే అది ధ్యానం. బాబాయికి టోపీ లేదు, అదే తేడా.

మొదట్లో, జపాన్ యోధులైన సమురాయ్‌ల ధర్మగ్రంథం ‘బుషిదో’లోదంటూ వేసే సూక్తి ఇంకా గొప్పది. సమురాయ్ ఒంటరితనాన్ని అడవిలో పులితో పోలుస్తుంది. దర్శకుడు మెల్విల్ సొంతంగా రాసి గ్రంథం పేరు తగిలించాడు. మనవాళ్లు కళ్లు మూసుకుని వల్లిస్తారు.

ఇక ఆడవాళ్లు. హత్య జరిగిన రాత్రి జెఫ్ నాతోనే ఉన్నాడని అతని ప్రియురాలు జేన్ అబద్ధం చెబుతుంది. పోలీసులు ఇల్లంతా చిందరవందర చేస్తారు. నడవడి మీద కేసు పెడతామన్నట్టు కమిషనర్ బెదిరిస్తాడు. ఆమె లొంగదు. ఆ తెగువకి ఎవరూ పెద్ద పేరేమీ పెట్టలేదు.

ఆ నైట్‌క్లబ్‌లో పియానో వాయించే వాలెరీ హంతకుణ్ణి ఎదురెదురుగా చూసింది. స్టేషన్లో మాత్రం ఇతను కాదంది. తర్వాత తెలుస్తుంది, హత్య చేయించినవాడు ఉండేది ఆమె ఇంట్లోనే అని. ఆమె నోరు మూయించింది ప్రేమా, భయమా, జీతమా? సందిగ్ధత ఉంటే ఇక్కడుంది. ముందు వరస ఆయనేమో, ‘‘ఆ నల్లజాతి స్త్రీ మృత్యువుకు ప్రతీక’’ అని తేల్చేశాడు. దర్శకుడూ అలాగే అన్నాడట. అననీ. ప్రతీకేమిటండీ? మనిషి కాదా? చివర్లో జెఫ్ ఆమె మీదే తుపాకీ గురిపెడతాడు. ఎందుకని అడిగితే, డబ్బులిచ్చారంటాడు. పోలీసులు అతన్ని కాల్చేశాక చూస్తే తుపాకీలో గుళ్లు లేవు. ఆహా, ఎంత త్యాగం! గుళ్లు లేవని ఆమెకెవరు చెప్పారు? ఆ క్షణాన ఆమె ప్రాణం ఎక్కడుందో ఒక్క వెధవైనా అడిగాడా?

టీ వచ్చింది. ముందు వరస ఆయన జెఫ్ గదిలో పంజరంలో ఉండే పిట్ట ఒంటరితనం గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. పియానో వాయించే ఆవిడ పేరేమిటండీ అని అడిగాను.

‘‘అదే... ఆ నల్లావిడ’’ అన్నాడు, బిస్కెట్ ముంచుకుంటూ.