వయొలిన్ల కోసం కీబోర్డ్ కొంటున్నారా? ముందు వెనకవైపు సాకెట్లు చూడండి

షాపులో కీబోర్డ్ ముందు నిలబడ్డవాళ్లు దాదాపు అందరూ ఒకే పని చేస్తారు. స్ట్రింగ్స్ ప్యాచ్ (వయొలిన్ లాంటి తీగవాద్యాల గుంపు శబ్దం) పెట్టి, రెండు చేతులా పెద్ద కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుత్తి) ఒకటి నొక్కి పట్టుకుంటారు. గదంతా నిండిపోతుంది. బిల్లు కట్టేస్తారు. ఇంటికొచ్చి అదే ప్యాచ్‌తో ఒక్క మెలడీ రికార్డ్ చేసి వింటే వయొలిన్ బదులు హార్మోనియం వినిపిస్తుంది. అమ్మినవాడు మోసం చేయలేదు. షాపులో విన్నదాంట్లో సగం రీవెర్బ్ (గది ప్రతిధ్వని), మిగతా సగంలో కొంత కోరస్ (ఒక శబ్దాన్ని చాలామంది వాయించినట్టు మందం చేసే ఎఫెక్ట్). ఎనిమిది స్వరాలు ఒకేసారి మోగితే ఏ లోపమైనా వాటి మధ్య దాక్కుంటుంది.

తక్కువ బడ్జెట్‌లో స్ట్రింగ్స్ కోసం కీబోర్డ్ ఎంచుకునేవాళ్లు ప్యాచ్‌ల సంఖ్య లెక్కపెట్టడం దండగ. కీ నొక్కిన తర్వాత ఆ స్వరం ఎంతవరకు మన చెప్పుచేతల్లో ఉంటుందో చూడాలి. పియానోలో సుత్తి తీగను తాకిన క్షణంలోనే కథ అయిపోతుంది, ఆ తర్వాత శబ్దం ఆరిపోవడమే. వయొలిన్‌లో కమాను తీగ మీద ఉన్నంతసేపూ స్వరం మారుతూనే ఉంటుంది. మధ్యలో ఉబ్బుతుంది, చివర్లో సన్నబడుతుంది, ఒత్తిడి పెరిగితే రంగు కూడా మారుతుంది. కీబోర్డ్ కీ ఎంత గట్టిగా కొట్టామో చెబుతుంది తప్ప ఈ పని చేయలేదు. కమాను పని ఎడమచేతి కింద మాడ్యులేషన్ వీల్ చేయాలి, లేదా పాదం కింద ఎక్స్‌ప్రెషన్ పెడల్ చేయాలి. మిడి భాషలో (కీబోర్డ్, కంప్యూటర్ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతిలో) ఇలాంటి కంట్రోల్ సందేశాలకు సీసీ అంకెలుంటాయి. వీల్ సీసీ 1, ఎక్స్‌ప్రెషన్ సీసీ 11. రెండూ 0 నుంచి 127 దాకా నడుస్తాయి.

అందుకే వెనకవైపు సాకెట్లు చూడమనేది. సస్టెయిన్ పెడల్ సాకెట్ చిన్న మోడళ్లలోనూ ఉంటుంది, కానీ అది ఆన్, ఆఫ్ స్విచ్ మాత్రమే. స్ట్రింగ్స్‌కి దానివల్ల మేలు కంటే కీడే ఎక్కువ, స్వరాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి బురదవుతాయి. మనకు కావాల్సిన సాకెట్ వేరు. దాని మీద ఎక్స్‌ప్రెషన్ అనో ఫుట్ కంట్రోలర్ అనో రాసి ఉంటుంది. యమహా ఎంఎక్స్49, ఎంఎక్స్61లలో అది ఉంది. రోలాండ్ జూనో డీఎస్61లో కంట్రోల్ పెడల్ సాకెట్ ఉంది. ఇళ్లలో వాడే చవక మోడళ్లలో చాలావాటికి ఉండదు. పెడల్ కొనేటప్పుడు ఇంకో తిరకాసు ఉంది. కంపెనీ మారితే ప్లగ్ లోపలి వైరింగ్ మారుతుంది. పాదం మెల్లగా నొక్కుతున్నా శబ్దం కదలకుండా, చివర్లో ఒక్కసారిగా దూకిందంటే పెడల్ చెడిపోయిందని పారేయకండి. వైరింగ్ మార్చే స్విచ్ దాని అడుగున ఉందేమో చూడండి.

ఇక శబ్దం సంగతి. ఎంఎక్స్ సిరీస్‌లో వేవ్ మెమరీ (వాద్యాల రికార్డింగులు దాచే చోటు) 166 ఎంబీ. అందులో వెయ్యికి పైగా వాయిస్‌లున్నాయి. పియానో, గిటార్, డ్రమ్స్, బాకాలు అన్నీ ఆ కొద్దిచోటులోనే సర్దుకోవాలి. కంప్యూటర్‌లో నడిచే పెద్ద స్ట్రింగ్స్ లైబ్రరీలు (రికార్డ్ చేసిన శబ్దాల సేకరణలు) పదుల గిగాబైట్లు తింటాయి. చోటు లేనప్పుడు తయారీదారు రెండు పనులు చేస్తాడు. ఒక శాంపిల్‌ని (అసలు వాద్యం నుంచి రికార్డ్ చేసిన స్వరాన్ని) పక్కనున్న నాలుగైదు కీలకు సాగదీస్తాడు, స్వరం నిలిచే భాగాన్ని చిన్న ముక్కగా కత్తిరించి తిప్పి తిప్పి వాయిస్తాడు, దీన్నే లూప్ అంటారు. నాలుగు సెమిటోన్లు (నల్లవాటితో సహా నాలుగు కీలు) పైకి సాగదీసిన శాంపిల్ సుమారు 26 శాతం వేగంగా నడుస్తుంది, దాంతోపాటు అందులోని వైబ్రాటో (స్వరం ఊగడం) కూడా. సెకనుకు ఐదున్నర సార్లు ఊగాల్సిన స్వరం ఏడు సార్లు వణుకుతుంది. చెవికి అది చలి పుట్టినట్టే ఉంటుంది.

ఈ బండారం బయటపెట్టడానికి ఐదు నిమిషాలు చాలు. ముందు రీవెర్బ్, కోరస్ రెండూ ఆఫ్ చేయండి. ఎలా ఆఫ్ చేయాలో షాపువాళ్లకి తెలియకపోతే మాన్యువల్ అడగండి, మొహమాటం వద్దు. హెడ్‌ఫోన్ పెట్టుకుని మధ్య సి పైన ఒకే కీని పది సెకన్లు పట్టుకోండి. గుండె కొట్టుకున్నట్టు ఒకే లయలో ఏదో తిరుగుతుంటే లూప్ చిన్నది. తర్వాత కీలను వరసగా, నల్లవాటితో సహా, ఒక ఆక్టేవ్ నెమ్మదిగా ఎక్కండి. ఎక్కడో ఒకచోట రంగు హఠాత్తుగా మారితే అక్కడ శాంపిల్ మారింది. ఒకే కీని వేగంగా ఎనిమిది సార్లు కొట్టి చూడండి. అన్నీ అచ్చుగుద్దినట్టు ఒకటేలా ఉంటే వేగమైన స్టకాటో (స్వరాలను తెంపి తెంపి వాయించే) భాగాలకు అది పనికిరాదు. చివరగా కీని మెత్తగా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కండి. వాల్యూమ్ మాత్రమే పెరిగిందా, శబ్దం పదునెక్కిందా? పదునెక్కితేనే లోపల ఒకటికి మించి పొరలున్నట్టు, లేదా కనీసం ఫిల్టర్ పనిచేస్తున్నట్టు.

పాలిఫనీ (కీబోర్డ్ ఒకేసారి మోగించగల శబ్దాల సంఖ్య) అంకె దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు. 128 అని రాసి ఉంటే 128 స్వరాలు పలుకుతాయని కాదు. ఒక ప్యాచ్‌లో నాలుగు పొరలుండి, ప్రతి పొరా స్టీరియో అయితే ఒక్క కీకే ఎనిమిది ఖర్చవుతాయి. అంటే 16 స్వరాలే. స్ట్రింగ్స్‌లో వేలు తీశాక కూడా తోక మోగుతూ ఉంటుంది కాబట్టి కార్డ్‌లు మారేచోట కింది స్వరం చప్పున తెగిపోతుంది. ఈ లెక్కన 64 పాలిఫనీ ఉన్న కీబోర్డ్‌లో మందమైన ప్యాచ్‌లు వాడాలంటే ఒక్కో భాగం విడిగా రికార్డ్ చేయక తప్పదు. అదే మంచి పద్ధతి కూడా, ఆ సంగతికి వస్తాను.

ఇంట్లో 8 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్ ఉండి, వేదిక మీద వాయించే పని లేకపోతే సొంత శబ్దాలున్న సింథసైజర్ అవసరమే లేదని నా అభిప్రాయం. 61 కీల మిడి కంట్రోలర్ (సొంత శబ్దాలు లేకుండా కంప్యూటర్‌ని నడిపే కీబోర్డ్), ఎక్స్‌ప్రెషన్ పెడల్, వీఎస్‌సీఓ 2 కమ్యూనిటీ ఎడిషన్ లాంటి ఉచిత లైబ్రరీతో మొదలుపెట్టొచ్చు. డబ్బు మిగిలితే మంచి లైబ్రరీ తర్వాత కొనుక్కోవచ్చు, కీబోర్డ్ మార్చక్కర్లేదు. కంప్యూటర్ దారిలో చికాకు కీ నొక్కాక శబ్దం రావడంలో ఆలస్యం. అది బఫర్ (కంప్యూటర్ ఒక్కసారికి సిద్ధం చేసుకునే శబ్దపు మోతాదు) మీద ఆధారపడుతుంది. 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర బఫర్ 512 పెడితే 11.6 మిల్లీసెకన్లు, 128 పెడితే 2.9. ఆడియో ఇంటర్‌ఫేస్ తీసుకునే సమయం దీనికి అదనం. వాయించేటప్పుడు బఫర్ తగ్గించి, మిక్స్ చేసేటప్పుడు పెంచుకోవాలి.

రికార్డింగ్‌లో ఎక్కువమంది చేసే తప్పు నాలుగు స్వరాల కార్డ్‌ని ఒకే ట్రాక్‌లో ఒకేసారి వాయించడం. 16 మంది వాయించిన శాంపిల్ మీద నాలుగు కీలు నొక్కితే 64 మంది అవుతారు. ఆ గుంపులో కమాను కదలిక ఎక్కడ వినిపిస్తుంది? మొదటి వయొలిన్లు, రెండో వయొలిన్లు, వయొలా, చెల్లో, డబుల్ బేస్ విడివిడిగా, ఒక్కో గీతగా వాయించండి. వయొలిన్ మధ్య సి కింద ఉన్న జి కంటే కిందికి దిగదు. వయొలా మధ్య సి నుంచి ఒక ఆక్టేవ్, చెల్లో రెండు ఆక్టేవ్‌లు కిందిదాకా వెళ్తాయి. ఈ హద్దు దాటితే శాంపిల్ ఎంత మంచిదైనా నకిలీ తెలిసిపోతుంది. పెడల్ కదలికలను ప్రతి గీతకూ కొత్తగా తొక్కాలి. ఒకదాన్నే కాపీ కొడితే ఐదు విభాగాలూ ఒకే ఊపిరితో ఉబ్బుతాయి.

మెత్తని ప్యాచ్‌లు పూర్తిగా విచ్చుకోవడానికి సమయం తీసుకుంటాయి, అందుకే తాళానికి సరిగ్గా వాయించినా వెనకబడ్డట్టు వినిపిస్తుంది. ఆ స్వరాలను 60 నుంచి 100 మిల్లీసెకన్లు ముందే మొదలయ్యేలా జరపండి. స్టకాటోని మాత్రం కదపొద్దు.

సింథసైజర్‌ని మిడితో కంప్యూటర్‌కి కలిపితే లోకల్ కంట్రోల్ (కీలు లోపలి శబ్దాన్ని నేరుగా మోగించే సెట్టింగ్) ఆఫ్ చేయాలి. లేకపోతే ఒక కీకి రెండుసార్లు మోగుతుంది, శబ్దం డొల్లగా మారుతుంది, పాలిఫనీ సగమవుతుంది. ఆడియో కోసం రెండు అవుట్‌పుట్‌లూ వాడండి. కేబుల్ ఖర్చుకి చూసుకుని మోనో సాకెట్ ఒక్కటే వాడితే, కోరస్‌తో వెడల్పు చేసిన ప్యాచ్‌లలో ఎడమా కుడీ ఒకదాన్నొకటి కొట్టేసుకుని పల్చబడతాయి. రికార్డింగ్ మీటర్‌లో శబ్దం శిఖరాలు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉంటే చాలు. కీబోర్డ్ రీవెర్బ్ ఆపేసి, సాఫ్ట్‌వేర్‌లో ఒకే హాల్ రీవెర్బ్‌లోకి అన్ని విభాగాలనూ పంపండి. రెండు సెకన్ల తోక, 20 నుంచి 30 మిల్లీసెకన్ల ప్రీ డిలే (ప్రతిధ్వని మొదలయ్యే ముందు విరామం) సరిపోతాయి. చవక శాంపిల్స్ గీరుకునేది ఎక్కువగా 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య. అక్కడ రెండు మూడు డెసిబెల్స్ తగ్గిస్తే చెవి కుదుటపడుతుంది.

అసలులా లేకపోవడం ప్రతిసారీ లోపమేమీ కాదు. 1974లో వచ్చిన సొలీనా స్ట్రింగ్ ఎన్‌సెంబుల్‌లో ఒక్క శాంపిల్ కూడా లేదు. అది వయొలిన్‌లా వినిపించదు, అయినా ఆ పొగమంచు లాంటి శబ్దాన్ని ఇప్పటికీ కావాలని వాడుతున్నారు. వెనకాల పరుచుకునే ప్యాడ్ మాత్రమే కావాలంటే పాత సెకండ్ హ్యాండ్ సింథ్ సరిపోతుంది, పైన చెప్పిన పరీక్షలూ అక్కర్లేదు.

సోలో వయొలిన్ జోలికి మాత్రం ఈ బడ్జెట్‌లో వెళ్లొద్దు. గుంపులో దాగే తప్పు ఒంటరి గొంతులో దాగదు. ఎవరైనా వయొలిన్ వాయించేవాళ్లు దొరికితే మీ కీబోర్డ్ పొరల మీద పై గీతను ఎనిమిది బార్లు వాయించమనండి. ఆ ఒక్క ట్రాక్‌ని కాస్త ముందుకి పెట్టి, కీబోర్డ్ మొదటి వయొలిన్లను మూడు డెసిబెల్స్ వెనక్కి తగ్గించండి. కింద మోగే నాలుగు విభాగాలూ కీబోర్డ్‌వని వినేవాళ్లు పట్టుకోవడం చాలా కష్టం.