‘హార్ట్ ఎటాక్’ అని ఎన్నాళ్ళు చెబుదాం?

పాతికేళ్ళు నిండని పిల్లాడు పోయాడని వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వస్తుంది. ‘ఆకస్మిక మరణం’ అని రెండు మాటలు, కింద వరసగా దండాల బొమ్మలు. పలకరింపుకి వెళ్తే హార్ట్ ఎటాక్ అంటారు. ఎవరూ గుచ్చి అడగరు, అడగకూడదు కూడా. తిరిగి వచ్చేటప్పుడు కార్లో మాత్రం డ్రగ్స్ ఓవర్‌డోస్ అని గుసగుసలు మొదలవుతాయి.

దాచిన తల్లిదండ్రుల్ని నేను తప్పుపట్టను. ఇంట్లో పెళ్ళి కావలసిన ఆడపిల్ల ఉంటుంది. ఊళ్ళో ఈ మాట వింటే తట్టుకోలేని నాయనమ్మ ఉంటుంది. ‘పెంపకం’ అనే ఒక్క మాట చాలు, ఆ తల్లి బతికినన్నాళ్ళూ కుమిలిపోవడానికి. నా ఫిర్యాదు అమెరికాలోని మన తెలుగు సంఘాల మీద. చెప్పుకోవడానికి ఒక చోటంటూ మనం ఉంచలేదు.

ఈ దేశంలో ఓపియాయిడ్ల (హెరాయిన్, నల్లమందు తరహా నొప్పి మందుల) విషయంలో ఏదైనా కదిలిందంటే, చాలాసార్లు నోరు విప్పిన కుటుంబాల వల్లే. వెస్ట్ వర్జీనియాకి చెందిన జెస్సీ గ్రబ్ సంగతే చూడండి. హెరాయిన్ నుంచి బయటపడి, మారథాన్‌కి సాధన చేస్తున్న అమ్మాయి. తుంటికి ఆపరేషన్ అయింది. ఆమెకి ఇదివరకు వ్యసనం ఉండేదని తల్లిదండ్రులు ఆసుపత్రి వాళ్ళకి చెప్పారు. అయినా ఇంటికి పంపిన డాక్టరుకి ఆ కబురు అందలేదు, ఆక్సికోడోన్ అనే ఓపియాయిడ్ నొప్పి మాత్రలు 50 రాసిచ్చాడు. 2016లో ఆమె చనిపోయింది, ముప్పై ఏళ్ళు. అమ్మానాన్నలు ఊరుకోలేదు. రోగి ఒప్పుకుంటే వ్యసన చరిత్ర వైద్యులకి రికార్డులో స్పష్టంగా కనబడాలంటూ 2018లో వచ్చిన చట్టానికి ఆమె పేరే పెట్టారు. మన ఇళ్ళలో ఎంతమంది డాక్టర్లున్నారో తెలిసిందే కాబట్టి ఈ కథ ఎంచుకున్నాను.

ఆ ఆక్సికోడోన్‌తోనే ఆక్సికాంటిన్ అనే మాత్ర తయారుచేసిన పర్డ్యూ ఫార్మా 2007లో ఒకసారి, 2020లో మరోసారి కోర్టులో నేరం ఒప్పుకుంది. కంపెనీ యజమానులైన శాక్లర్ కుటుంబం మాత్రం బాధితుల ఎదుటికి వచ్చింది 2022 మార్చిలోనే, అదీ వీడియోలో. ఆ రోజు ఇరవైమందికి పైగా మాట్లాడారు. ఒక తల్లి, కొడుకు శవాన్ని చూసిన రోజు తను 911కి (అత్యవసర సేవల నంబరుకి) చేసిన ఫోన్ రికార్డింగు వినిపించింది. కంపెనీ మాజీ అధ్యక్షుడు రిచర్డ్ శాక్లర్ ముఖం తెర మీద లేదు, ఫోన్ లైనులో మాత్రమే ఉన్నాడు. నష్టపరిహారం లెక్కలు ఎన్ని వచ్చినా, నాకు ఈ కేసులో గుర్తుండిపోయింది అదే.

‘ఇది వాళ్ళ గొడవ, మనది కాదు’ అనేవాళ్ళకి ఒక మాట. ఫెంటనిల్ అనే ఓపియాయిడ్ స్ప్రే రాయడానికి డాక్టర్లకి లంచాలిచ్చిన కేసులో 2020లో జైలుశిక్ష పడిన మందుల కంపెనీ అధిపతి జాన్ కపూర్ అమృత్‌సర్‌లో పుట్టినవాడే. బిలియనీర్ అయినప్పుడు మనవాడు, శిక్ష పడ్డాక అమెరికన్! ఫెంటనిల్ ముడిపదార్థాల విషయంలో హైదరాబాద్ కంపెనీ ఒకదానిమీద 2025లో ఇక్కడి ఫెడరల్ కోర్టులో అభియోగాలు దాఖలయ్యాయి కూడా.

ఇక మన పిల్లలంటారా, సూది పట్టుకునే రకం కాదని మనకో ధీమా. అసలు సూదితో పనే లేదు. పరీక్షల ముందు నిద్ర ఆపుకోవడానికి స్నేహితుడిచ్చిన ఆడరాల్, టెన్షన్ తగ్గడానికి ఆన్‌లైన్‌లో కొన్న జానాక్స్ చాలు. అచ్చం అసలు మాత్రలాగే అచ్చువేసిన నకిలీలో ఫెంటనిల్ ఉండవచ్చు. మార్ఫిన్ కన్నా సుమారు వంద రెట్లు బలమైన మందు అది. రెండు మిల్లీగ్రాములు ప్రాణం తీయగలవు.

నేను ఫార్మసిస్టుని. ఆపరేషన్ తర్వాత మిగిలిన మాత్రల్ని ‘ఎందుకైనా మంచిది’ అని బాత్రూమ్ అలమరలో దాచే మనవాళ్ళు బోలెడంతమంది తెలుసు (పారేయడం మన రక్తంలో లేదు కదా). ఓపియాయిడ్ ఓవర్‌డోస్‌కి విరుగుడుగా ముక్కులో కొట్టే స్ప్రే నార్కాన్, అది అడిగి కొన్నవాళ్ళు బహు తక్కువ. 2023 నుంచి దానికి ప్రిస్క్రిప్షన్ అక్కర్లేదు. రెండు స్ప్రేల డబ్బా సుమారు 45 డాలర్లు, చాలా కౌంటీల్లో ఉచితం. ఓవర్‌డోస్ అయితే మనిషి పిలిస్తే పలకడు, పెదాలు నీలంగా మారతాయి, గొంతులో గురగుర శబ్దం వస్తుంది. గురక పెడుతున్నాడులే అని దుప్పటి కప్పి తలుపు దగ్గరకేసి వచ్చేది సరిగ్గా అప్పుడే. 911కి ఫోన్ చేయాలి. తల వెనక్కి వంచి, గొట్టం ముక్కులో పూర్తిగా పెట్టి మీట నొక్కాలి. రెండు మూడు నిమిషాల్లో ఊపిరి అందుకోకపోతే రెండో ముక్కు రంధ్రంలో రెండో స్ప్రే. ఆ మనిషి తీసుకున్నది ఓపియాయిడ్ కాకపోయినా ఈ మందు వల్ల హాని ఉండదు. పనిచేసింది కదా అని అంబులెన్స్ వద్దనకూడదు, స్ప్రే ప్రభావం తగ్గాక ఊపిరి మళ్ళీ ఆగిపోవచ్చు.

2022లో దేశంలో డ్రగ్స్ ఓవర్‌డోస్‌తో దాదాపు 1,08,000 మంది పోయారు. 2024లో ఆ సంఖ్య సుమారు 80,000. తగ్గింది నిజమే. కానీ అప్పటికీ రోజుకి రెండొందలకు పైగా.

ఓపియాయిడ్ కేసుల్లో మందుల కంపెనీలు, పంపిణీదారులు కట్టే సెటిల్‌మెంట్ డబ్బు మొత్తం 50 బిలియన్ డాలర్లు దాటింది. అందులో మీ కౌంటీ వాటా ఎలా ఖర్చుపెట్టాలో తేల్చే సమావేశాల్లో మామూలు జనం కూడా మాట్లాడవచ్చు. మన భాషలో సలహా ఇచ్చే కౌన్సెలర్ కావాలని, తెలుగులో కరపత్రం కావాలని అడగవచ్చు. గుడి పార్కింగ్ స్థలం కోసం జోనింగ్ బోర్డుకి నిండు బస్సులో వెళ్ళిన చరిత్ర మనది, ఇదేమంత కష్టం?

మన సంఘాల కన్వెన్షన్ పండగ లాంటిది, అందులో ఈ చావుల ప్రస్తావన ఎందుకని కమిటీలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. పాటల కచేరీ ఆపమని అడగడం లేదు. బీపీ, షుగర్ చూసే చోట ఇంకో బల్ల వేయండి. నార్కాన్ వాడకం మీద పది నిమిషాల శిక్షణ ఇచ్చి, డబ్బా చేతికివ్వండి. బిడ్డని పోగొట్టుకున్న తల్లిదండ్రులెవరైనా మాట్లాడతామంటే ఒక గది ఇవ్వండి. వాళ్ళు ఒప్పుకుంటేనే సావనీర్‌లో ఫొటో, కారణం. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. డబ్బా తీసుకున్నవాళ్ళ పేరు, ఊరు రాసుకునే రిజిస్టర్ పెట్టకండి. అది కనబడిందంటే మనవాళ్ళు ఆ బల్ల దరిదాపులకి కూడా రారు.