ఐపీ పెట్టినవాడికి ఇల్లెలా మిగిలిందని అడిగిన పెద్దమనిషికి

పాపను తెలుగు బడిలో దింపి ఇప్పుడే ఇంటికి వచ్చాను. ఇంకా కారు దిగలేదు. చేతులు వణుకుతున్నాయి కాబట్టి అచ్చుతప్పులుంటే సర్దుకోండి.

బడి ముందు ఒక పెద్దమనిషి నా భుజం మీద చెయ్యి వేసి, నలుగురిలో, పాప వింటుండగా అడిగాడు: "ఐపీ పెట్టారట కదండీ, మరి ఇల్లెలా మిగిలింది? కిటుకేదైనా ఉంటే మాకూ చెప్పండి." పైగా నవ్వొకటి.

చెబుతాను, రాసుకోండి. నెలనెలా కట్టడం. అదే కిటుకు.

మనవాళ్లకు ఐపీ అంటే చీటీల వ్యాపారి రాత్రికి రాత్రి తాళం వేసి ఊరు దాటడమే. ఇక్కడ న్యూజెర్సీలో నేను పెట్టింది చాప్టర్ 13, అంటే సంపాదనలోంచి వాయిదాల్లో అప్పులు తీర్చే దివాలా. అయిదేళ్లపాటు కోర్టు కనుసన్నల్లో కాపురం. ఉద్యోగం లేని ఏడు నెలల బకాయి, అప్పులవాళ్లకు డబ్బు పంచే ట్రస్టీ ద్వారా తీరుస్తున్నాను. అది కాక ఇంటి అప్పు మామూలే, అదే ఇంటి మీద తీసిన రెండో అప్పు, ఈక్విటీ లోను, మామూలే. కొత్తగా అప్పు చేసి కారు కొనాలన్నా అనుమతి అడగాలి. దీన్ని ఎగవేత అంటారట!

క్రెడిట్ కార్డుల వాళ్లకు కోర్టు ఎంతో కొంత ఇప్పించి సరిపెడుతుంది. ఈక్విటీ లోను ఇచ్చినవాడి జోలికి మాత్రం వెళ్లదు, ఇల్లు వాడికి తాకట్టు కదా. వాయిదాలు లేకుండా బాకీలు రద్దు చేసే చాప్టర్ 7 పెట్టినా నా మీద బాకీ పోతుందే తప్ప ఇంటి మీద తాకట్టు పోదు. చాప్టర్ 13లో ఆ రెండో తాకట్టును ఎత్తివేయించుకోవచ్చు, కానీ ఇంటి విలువ మొదటి అప్పును ఒక్క డాలరు మించినా కుదరదు. వీధిలో అందరూ ఇళ్ల ధరలు పెరిగాయని మురిసిపోతుంటే, పెరిగినందుకు ఏడ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

నన్ను మండించేది ఇది కాదు. సరదాకి సరస్సు ఒడ్డున రెండో ఇల్లు కొన్నవాడు ఆ ఇంటి అప్పును ఇదే కోర్టులో ఇంటి విలువకు తగ్గించుకోవచ్చు. పడవ అప్పూ అంతే. పిల్లలతో కాపురముండే ఇంటికి మాత్రం ఆ దయ లేదు. 2009లో దీన్ని మార్చబోతే ప్రతినిధుల సభ సరేనంది, సెనేట్ 45-51తో తోసిపుచ్చింది. పడవ కొనుక్కోకపోవడం నా తప్పే.

ఇక సలహాలు. "తమ్ముడూ, టెక్సాస్ వచ్చేసి పెట్టు, అక్కడ ఇంటిని ముట్టుకోరు" అన్నారు మా తోడల్లుడు గారు. నిజమే, అప్పులవాళ్లకు చిక్కకుండా కాపాడుకునే ఇంటి విలువకు అక్కడ పరిమితి లేదు. ఇక్కడ మాకు దక్కేది కేంద్ర చట్టం ఇచ్చే 31,575 డాలర్లు, భార్యాభర్తలం కలిసి పెట్టాం కాబట్టి దానికి రెట్టింపు. అయితే ఆ రాష్ట్రం మినహాయింపు వాడుకోవాలంటే రెండేళ్లు అక్కడ కాపురముండి ఉండాలి. బ్యాంకు వాడు రెండేళ్లు గుమ్మంలో టీ తాగుతూ కూర్చుంటాడా?

అయినా అసలు ఈ ఈక్విటీ లోను ఎందుకు తీశానో తోడల్లుడు గారికి తెలియదా? శంకర్‌పల్లి దగ్గర ఫ్లాటు, కట్టకముందే కొంటే సగం ధర, రెండేళ్లలో రెట్టింపు అన్నది ఎవరు? ఆ లోను డబ్బులో నలభై వేల డాలర్లు చేబదులు పట్టుకెళ్లింది ఎవరు? ఆరేళ్లయింది. అడిగితే "మన మధ్య లెక్కలేమిటి తమ్ముడూ" అంటారు. లెక్కలేమిటో కోర్టు అడిగింది. ఆస్తి ఏ దేశంలో ఉన్నా చూపాలి, రావలసిన బాకీలూ చూపాలి. ఫ్లాటు రాశాను. ఆయన పేరూ, ఆ నలభై వేలూ రాశాను. దానితో ఆయన పరువు పోయిందట! మా ఆవిడతో వాళ్ల అక్క మూడు నెలలుగా మాట్లాడటం లేదు. నా ఐపీ సంగతి తెలుగు బడి దాకా ఎలా వచ్చిందో వేరే చెప్పాలా?

నిన్న వాట్సాప్‌లో తోడల్లుడు గారి గృహప్రవేశం పిలుపు వచ్చింది. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో అయిదు పడకగదుల ఇల్లు. కానుకలు వద్దు, మీ ఆశీస్సులు చాలు అని అడుగున రాశారు.