పాట రాని పిట్టను వదిలితే ఏం లాభం?

ఏ పిట్ట అంతరిస్తోందన్నా ఒక ఉచిత సలహా తయారుగా ఉంటుంది: "జూలో పెంచి అడవిలో వదిలేస్తే పోలా?" పోదండీ. ఆస్ట్రేలియాలో రీజెంట్ హనీఈటర్ సంగతి చూడండి.

ఒకప్పుడు వేల సంఖ్యలో గుంపులు కట్టి తిరిగిన ఈ నలుపూ పసుపూ పిట్ట, ఇప్పుడు అడవిలో సుమారు మూడు వందలే మిగిలింది. దీని తిండి పూల తేనె. సారమున్న నేలలో పెరిగే యూకలిప్టస్‌లకే తేనె ఎక్కువ. పొలాలకీ పశువుల మేతకీ కావలసిందీ ఆ నేలే. ముందుగా గొడ్డలి పడింది అక్కడే.

గుంపు పలచబడ్డాక అసలు చిక్కు మొదలైంది. గూడు పెట్టాక మగపిట్ట పాట ఆపేస్తుంది, శత్రువుల చెవిన పడకుండా. అంటే పిల్లకు తండ్రి దగ్గర నేర్చుకునే అవకాశం లేదు. గూడు వదిలాక చుట్టుపక్కల పెద్ద మగపిట్టల పాట విని పట్టుకోవాలి. ఆ పెద్దలే లేకపోతే వేరే జాతి పిట్టల పాట, ఫ్రయర్‌బర్డ్‌దో, కర్రవాంగ్‌దో వచ్చేస్తుంది. 2021లో పరిశోధకుడు రాస్ క్రేట్స్ బృందం ప్రచురించిన లెక్క ప్రకారం, మగపిట్టల్లో 12 శాతానికి సొంత జాతి పాటే రాదు. అలాంటివాటికి జత కుదరడమూ తక్కువే.

సిడ్నీలోని టరోంగా జూ 1995 నుంచి వీటిని పెంచుతోంది. జూలో పుట్టినవాటికి అడవి పాట రాలేదు. స్పీకర్లలో రికార్డింగులు వినిపిస్తే పెద్దగా పని జరగలేదు. అడవిలో పుట్టిన మగపిట్టలనే గురువులుగా తెచ్చిపెట్టారు. అయినా శిష్యులు ఎక్కువైతే ఒక్క గురువు గొంతు ఎన్నిటికి అందుతుంది? ఒక్కో గురువుకు ఆరేడు పిల్లలకు కుదించాకే దారికొచ్చింది. మూడేళ్లలో అడవి పాట నేర్చినవి సున్నా నుంచి 42 శాతానికి చేరాయి. శిష్యులు తక్కువైతేనే పాట వస్తుందని సంగీతం మాస్టార్లు ఎప్పుడో చెప్పేవారు! ఈలోగా అడవిలో ఈ పిట్టల పూర్తి పాట వినపడకుండా పోయింది, దాన్ని కుదించిన పొట్టి పాటే మిగిలింది. పూర్తిది ఇప్పుడు జూ పిట్టల గొంతులోనే ఉంది.

పాట వచ్చినంత మాత్రాన బతుకుతుందా అంటే, మధ్యలో నాయిజీ మైనర్ అనే పిట్ట ఉంది. (పేరు చూసి మన మైనా, అంటే గోరింక అనుకునేరు, దానికీ దీనికీ చుట్టరికం లేదు.) అదీ అక్కడి పిట్టే. అడవి ముక్కలైన చోట, అంచుల్లో గుంపులుగా చేరి చిన్న పిట్టలన్నిటినీ తరిమేస్తుంది. గూళ్ల కాలంలో ఈ మైనర్లను తొలగిస్తే ఉపశమనమే కానీ, ఖాళీ అయిన చోటికి కొత్తవి వచ్చి చేరతాయి. చెట్లు నాటేవాళ్లు పెద్ద చెట్లతో సరిపెట్టకూడదు, కింద పొదలు దట్టంగా ఉండాలి. మైనర్‌కు పొదలు గిట్టవు. నాటిన చెట్టు తేనె ఇచ్చేసరికి ఏళ్లు పడుతుంది. కాబట్టి ఉన్న పాత చెట్టును కాపాడటమే చవక.

అందుకే "ఇన్ని పిట్టల్ని వదిలాం" అన్న ప్రకటనలు చూస్తే ఒళ్లు మండుతుంది. అందులో ఎన్నిటికి పాట వచ్చో, వదిలిన చోట అడవి పిట్టలు ఉన్నాయో లేదో ముందు చెప్పాలి. ఇంకో విడ్డూరం వినండి: రీజెంట్ హనీఈటర్లు గూళ్లు పెట్టే, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోని హంటర్ లోయలో ఉన్న టోమాల్పిన్ అడవిలో కొంత భాగాన్ని పారిశ్రామిక వాడ కోసం గీసిపెట్టారు.